తెర మీద ఫస్ట్.. ట్రాక్ మీద?

మీ ఇంట్లో ఇంటర్ చదివే కుర్రాడు ఉంటే ఈ దృశ్యం మీకు కొత్తేం కాదు. పుస్తకాలు ఉండాల్సిన టేబుల్‌కు ఒక స్టీరింగ్ బిగించి ఉంటుంది. కింద మూడు పెడల్స్. చెవులకు హెడ్‌ఫోన్లు. మీరు అన్నానికి పిలిస్తే ‘ఇంకో రెండు ల్యాప్‌లు అమ్మా’ అంటాడు. తెర మీద జర్మనీలోని నుర్బుర్గ్‌రింగ్ ట్రాక్ పరుగెడుతుంటుంది. మన ఊరి బస్టాండ్ నుంచి ఇంటికి దారి సరిగా చెప్పలేని పిల్లాడు, ఆ ఇరవై కిలోమీటర్ల ట్రాక్‌లో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడు.

దీన్ని ‘గేమ్’ అంటే పిల్లలకు కోపం. ‘సిమ్ రేసింగ్’ అనాలట. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఫోన్లో వేలితో ఆడే కార్ల ఆట వేరు, ఇది వేరు. ఐరేసింగ్, అసెట్టో కోర్సా, గ్రాన్ టురిస్మో లాంటి వాటిలో నిజమైన ట్రాక్‌లను కొలతలతో సహా తెర మీదకు తెస్తారు. టైరు వేడెక్కితే పట్టు మారుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ కారు తేలికవుతుంది. బ్రేక్ ఒక్క క్షణం ఆలస్యమైతే కారు గడ్డిలోకి పోతుంది. 2023లో ‘గ్రాన్ టురిస్మో’ సినిమా వచ్చాక, అదే ఏడాది ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగాక, మన ఇళ్లలో ఈ ముచ్చట బాగా పెరిగింది. అబ్బాయిలు అని రాస్తున్నాను కానీ అమ్మాయిలూ ఉన్నారు. మోటార్ రేసింగ్‌లో ఆడ, మగ ఒకే ట్రాక్ మీద కలిసి పోటీపడతారు కూడా.

తల్లిదండ్రులు నన్ను అడిగేవి ప్రధానంగా మూడు. ఇందులో బాగా ఆడితే నిజంగా రేసర్ అవుతాడా? నిజం కారెక్కితే ఆ శరీరం తట్టుకుంటుందా? రేపు మన కారు తాళం చేతికిస్తే రోడ్డు మీద ఎలా నడుపుతాడు? మూడింటికీ వేర్వేరు జవాబులున్నాయి. మూడోదాని గురించే నాకు ఎక్కువ దిగులు.

గదిలోంచి ట్రాక్‌కు వెళ్లినవాళ్లు

ముందు పిల్లల పక్షాన మాట్లాడదాం. సోనీ ప్లేస్టేషన్, నిస్సాన్ కలిసి 2008లో ‘జీటీ అకాడమీ’ అని ఒక పోటీ మొదలుపెట్టాయి. గేమ్‌లో వేగంగా నడిపినవారిని ఏరి, నిజమైన రేస్ కారు ఎక్కించడం దాని పని. మొదటి విజేత లూకాస్ ఓర్డోనెజ్ స్పెయిన్ దేశస్థుడు, అప్పటికి ఎంబీఏ చదువుతున్న కుర్రాడు. మూడేళ్లు తిరిగేసరికి, 2011లో, ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో తన విభాగంలో రెండో స్థానంలో నిలిచిన జట్టులో అతనున్నాడు. అదే 2011లో కార్డిఫ్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో 19 ఏళ్ల వయసులో జీటీ అకాడమీ గెలిచాడు. రెండేళ్లకే లె మాన్స్‌లో తన విభాగంలో మూడో స్థానం పొందాడు. సినిమా ఇతని కథే.

అమెరికాలో విలియం బైరన్ ఇంట్లో కంప్యూటర్ మీద ఐరేసింగ్ ఆడుతూ పెరిగాడు. 15వ ఏట మొదటిసారి నిజం కారులో పోటీకి దిగాడు. 2024లోనూ, 2025లోనూ డేటోనా 500 గెలిచాడు. నాస్కార్‌లో అంతకన్నా పెద్ద రేసు లేదు. ఇక 2019 జనవరిలో మెక్సికోలో జరిగిన ‘రేస్ ఆఫ్ ఛాంపియన్స్’లో ఎంజో బొనీటో అనే సిమ్ రేసర్, ఫార్ములా-ఇ మాజీ ఛాంపియన్ లూకాస్ డి గ్రాసీని, ఇండీకార్ మాజీ ఛాంపియన్ ర్యాన్ హంటర్-రేను నిజమైన కార్లలో, నిజమైన ట్రాక్ మీద ఓడించాడు. కాబట్టి ‘కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏం వస్తుంది’ అని కొట్టిపారేయడానికి లేదు.

ఒక డాక్టరుగా నాకిది ఆశ్చర్యం కలిగించదు. మా వృత్తిలోనూ ఇదే జరుగుతోంది. లాపరోస్కోపీ ఆపరేషన్‌లో సర్జన్ రోగి కడుపులోకి నేరుగా చూడడు. ఎదురుగా ఉన్న తెర చూస్తూ చేతులు కదుపుతాడు. 2002లో అమెరికాలో 16 మంది జూనియర్ సర్జన్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సిమ్యులేటర్ మీద అదనంగా సాధన చేయించారు. తర్వాత నిజమైన రోగులకు పిత్తాశయం ఆపరేషన్ చేసినప్పుడు, ఆ జట్టు వారు పిత్తాశయాన్ని విడదీసే పనిని 29 శాతం వేగంగా పూర్తిచేశారు, తప్పులూ బాగా తగ్గాయి. 2007లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇంకా సరదాగా ఉంటుంది. 33 మంది డాక్టర్లను పరీక్షిస్తే, గతంలో వారానికి మూడు గంటలకు మించి వీడియో గేమ్‌లు ఆడిన సర్జన్లు లాపరోస్కోపీ సాధన పరీక్షల్లో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. మా ప్రొఫెసర్లకు ఈ సంగతి చెబితే ఏమనేవారో!

ఇది ఎలా సాధ్యం? కారు నడపడంలో చేతులు, కాళ్లు చేసే పనికన్నా మెదడు చేసే పని ఎక్కువ. కన్ను ఎక్కడ చూడాలి? బ్రేక్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ వదలాలి? కారు వెనక భాగం జారుతుంటే స్టీరింగ్ ఎంత తిప్పాలి? కొత్త డ్రైవర్ కారు ముందున్న పది గజాల రోడ్డును చూస్తాడు. బాగా నడిపేవాడు తర్వాతి మలుపు చూస్తాడు. ఈ అలవాటు వేల ల్యాప్‌లు తిరిగితే వస్తుంది. అలా పదేపదే చేసిన పని మన చిన్నమెదడులో, దాని అనుబంధ భాగాల్లో ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత ఆలోచించకుండానే చేయి కదులుతుంది. సైకిల్ తొక్కడం ఎలా మరచిపోమో, ఇదీ అంతే. మెదడుకు ఆ ల్యాప్‌లు తెర మీద తిరిగినవా, తారు మీద తిరిగినవా అనే పట్టింపు పెద్దగా లేదు. ఫార్ములా-1 జట్లు కూడా డ్రైవర్లకు కొత్త ట్రాక్‌లు నేర్పేది సిమ్యులేటర్ల మీదే. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మ్యాక్స్ వెర్‌స్టాపెన్ ఖాళీ దొరికితే ఇంట్లో కూర్చుని సిమ్ రేసులు ఆడతాడు.

మెడకు తెలియని విద్య

ఇప్పుడు రెండో వైపు. గ్రెగర్ హుట్టు అని ఫిన్లాండ్ కుర్రాడు ఒకడున్నాడు. ఐరేసింగ్‌లో ఒకప్పుడు అతన్ని కొట్టినవాడు లేడు. బ్రిటన్‌కు చెందిన టాప్ గేర్ పత్రిక వాళ్లు అతన్ని అమెరికాలోని రోడ్ అట్లాంటా ట్రాక్‌కు తీసుకెళ్లి నిజమైన రేస్ కారులో కూర్చోబెట్టారు. బ్రేక్ వేయాల్సిన చోట వేశాడు, తిప్పాల్సిన చోట తిప్పాడు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. కానీ కొన్ని ల్యాప్‌లకే ఆ ఎండకు, ఆ కుదుపులకు ఒళ్లు తిరిగి వాంతి చేసుకున్నాడు. మెదడు మొత్తం పాఠం అప్పజెప్పింది, శరీరం మాత్రం అప్పుడే బడిలో చేరింది.

సిటీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పట్టుకోడానికి కమ్మీ దొరక్కపోతే ముందున్నవారి మీద పడతాం. మామూలు కారులో బ్రేక్ మీద లేచి నిలబడినంత పని చేసినా మన మీద పడే బలం భూమ్యాకర్షణకు సమానం, అంటే 1 జీ దాటడం కష్టం. ఫార్ములా-1 కారు గట్టిగా బ్రేక్ వేసినా, వేగంగా మలుపు తిరిగినా అది 5 జీ దాకా వెళ్తుంది. మన తల బరువు సుమారు 5 కిలోలు. హెల్మెట్‌తో కలిపితే ఆరుపైన. 5 జీ దగ్గర ఆ తల ముప్ఫై కిలోల బస్తాలా ఒక పక్కకు లాగుతుంది. ఇంచుమించు ఒక గ్యాస్ సిలిండర్‌ను చెవికి వేలాడదీసి, ‘నువ్వు మాత్రం తల నిటారుగా ఉంచి రోడ్డు చూడు’ అన్నట్టు. ఒకసారి కాదు, ల్యాప్‌కు పది పదిహేను మలుపులు, గంటన్నర పాటు. రేసర్ల మెడలు అంత లావుగా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాలి సంగతి కూడా అంతే. ఫార్ములా-1 బ్రేక్ పెడల్‌ను గట్టిగా నొక్కాలంటే వంద కిలోల పైచిలుకు బలం పెట్టాలి. టేబుల్ కింది పెడల్స్ అందులో చిన్న వంతు కూడా అడగవు.

తర్వాత వేడి. రేసర్ వేసుకునేది మంట అంటుకోని మందపాటి సూటు. లోపల ఇంకో పొర. కారు లోపల 50 డిగ్రీలు. గుండె నిమిషానికి 150 నుంచి 180 సార్లు కొట్టుకుంటుంది. ఎండ దేశాల్లో ఒక్క రేసులో రెండు, మూడు కిలోల బరువు చెమట రూపంలో పోతుంది. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గితేనే ఏకాగ్రత దెబ్బతినడం మొదలవుతుంది. అరవై కిలోల కుర్రాడికి అది లీటరుంబావు లోపే. 2023 అక్టోబరులో ఖతార్ గ్రాండ్ ప్రీలో ఏం జరిగిందో చూడండి. ఎస్టెబాన్ ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకుని రేసు కొనసాగించాడు. లోగన్ సార్జెంట్ నడపలేక మధ్యలో ఆపేశాడు. లాన్స్ స్ట్రోల్ స్పృహ తప్పుతున్నట్టు అనిపించిందన్నాడు. వీళ్లంతా రోజూ గంటలకొద్దీ వ్యాయామం చేసే క్రీడాకారులు. ఆ తర్వాతే విపరీతమైన ఎండ ఉన్న రేసులకు చల్లబరిచే చొక్కాల నిబంధన వచ్చింది. మన పిల్లవాడు ఆడేది ఏసీ గదిలో, లేదా ఫ్యాన్ కింద, పక్కన కూల్‌డ్రింక్ పెట్టుకుని.

మూడోది చెవి. ఇది చాలామందికి తట్టదు. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటి పక్కనే సున్నపు రేణువులున్న రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగింది, ఎంత వేగంగా కదిలింది అన్నది మెదడుకు చేరవేసేవి ఇవే. కంటి కబురు కంటే చెవి కబురు ముందు అందుతుంది. నిజమైన డ్రైవర్‌కు కారు వెనకభాగం జారడం మొదలైందని కంటికన్నా ముందు చెవి చెబుతుంది, సీటుకు ఆనిన నడుము చెబుతుంది. సిమ్ రేసర్‌కు ఈ రెండూ ఉండవు. అతడు జారడాన్ని కంటితో, స్టీరింగ్ వణుకుతో పసిగట్టడం నేర్చుకున్నాడు. నిజం కారెక్కగానే ఇంతకాలం నోరు మూసుకున్న చెవి, నడుము ఒక్కసారిగా కబుర్లు చెప్పడం మొదలుపెడతాయి. మెదడు గందరగోళపడుతుంది.

దీనికి తిరగేసిన కథ మైఖేల్ షుమాకర్‌ది. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్. నిజమైన కారులో రాని వాంతి, తల తిరుగుడు అతనికి సిమ్యులేటర్‌లో వచ్చేవి. కళ్లు ‘మూడు వందల వేగంతో పోతున్నాం’ అంటుంటే చెవి ‘ఎక్కడికీ పోవడంలేదు, కూర్చునే ఉన్నాం’ అంటుంది. ఈ పేచీనే సిమ్యులేటర్ సిక్‌నెస్ అంటారు. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే మీ అమ్మాయికి వచ్చే వాంతికి ఇది తోబుట్టువు. మీ పిల్లలకు సిమ్ ఆడుతుంటే తల తిరిగితే, అది చేతగానితనం కాదని చెప్పండి. మహామహులకే తప్పలేదు.

చివరగా భయం. టాప్ గేర్ టీవీ కార్యక్రమంలో జెరెమీ క్లార్క్‌సన్ ఒక సరదా పరీక్ష చేశాడు. గ్రాన్ టురిస్మో గేమ్‌లో హోండా ఎన్ఎస్ఎక్స్ కారుతో అమెరికాలోని లగూనా సెకా ట్రాక్‌ను 1 నిమిషం 41 సెకన్లలో చుట్టాడు. అదే కారుతో నిజమైన ట్రాక్ మీదకు వెళ్తే 1 నిమిషం 57 సెకన్ల కంటే తగ్గించలేకపోయాడు. పదహారు సెకన్ల తేడా! కారు అదే, మలుపులు అవే. గోడకు కొట్టుకుంటే ఏమవుతుందో శరీరానికి తెలుసు. అడ్రినలిన్ ఎగదన్నుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, చూపు ఇరుకవుతుంది. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద వందసార్లు సూది గుచ్చిన మా జూనియర్ డాక్టర్ల చేతులు, మొదటిసారి రోగి ‘నొప్పి ఎక్కువ ఉంటుందా డాక్టరు గారూ’ అని అడిగినప్పుడు ఎలా తడబడతాయో నేను ఏటా చూస్తూనే ఉంటాను. సాధన వృథా కాదు, రెండు మూడు వారాల్లో చేయి కుదురుకుంటుంది. కానీ ఆ మొదటి తడబాటును ఏ బొమ్మా ముందే తీసేయలేదు.

తొంభై వేలలో ఒకడు

కొన్ని నెలల క్రితం షుగర్ పరీక్షకు వచ్చిన ఒక ఉద్యోగి, రిపోర్టు చూపించాక కూడా లేవలేదు. పక్కన కొడుకు. ‘మా వాడు రేసర్ అవుతానంటున్నాడు డాక్టరు గారూ. ఎంసెట్ కోచింగ్ మానేస్తాడట. పెద్ద స్టీరింగు, సీటు, అన్నీ కలిపి కొనమంటున్నాడు. పీఎఫ్‌లో లోన్ పెట్టనా వద్దా?’ అని అడిగారు. ఇది మందుల చీటీలో రాసే విషయం కాదు కదా. కుర్రాణ్ని అడిగాను, ‘నాన్నా, నిజం గో-కార్ట్ ఎప్పుడైనా ఎక్కావా?’ అని. లేదన్నాడు. ‘మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్తే ఆయాసం వస్తుందా?’ అంటే నవ్వాడు. వాళ్ల నాన్న ‘లిఫ్ట్ లేకపోతే వెళ్లడు సార్’ అన్నారు.

ఆ తండ్రికి చెప్పినదే మీకూ చెబుతాను. మనం పేర్లు వింటున్నది గెలిచినవాళ్లవి. మార్డెన్‌బరో గెలిచిన ఏడాది దాదాపు 90 వేల మంది పోటీపడ్డారు. గెలిచినవాణ్ని కూడా నేరుగా లె మాన్స్‌కు పంపలేదు. నెలల తరబడి వ్యాయామం, నిజమైన కార్లలో శిక్షణ, చిన్న రేసులతో లైసెన్సు అర్హత, వెనక ఒక పెద్ద కంపెనీ డబ్బు. ఇంకో సంగతి, ఈ ‘గేమర్ల’లో చాలామంది పూర్తిగా గదిలోంచి వచ్చినవాళ్లు కాదు. 2017లో మెక్‌లారెన్ వారి గేమర్ల పోటీ గెలిచి సిమ్యులేటర్ డ్రైవర్‌గా ఉద్యోగం పొందిన రూడీ వాన్ బ్యూరెన్ చిన్నప్పుడు నెదర్లాండ్స్‌లో కార్టింగ్‌లో పేరు తెచ్చుకున్నవాడు. 2020లో బ్రిటిష్ జీటీలో దిగిన మొదటి రేసే గెలిచిన జేమ్స్ బాల్డ్‌విన్ కూడా కార్టింగ్ చేసినవాడే. మార్డెన్‌బరో సైతం ఎనిమిదేళ్ల వయసులో కొంతకాలం కార్ట్ నడిపాడు. డబ్బు చాలక నిజం కారు వదిలేసినవారికి సిమ్యులేటర్ మళ్లీ తలుపు తెరిచింది. అది గొప్ప విషయమే. కానీ అసలు కారు వాసనే తెలియని పిల్లలు తమను వాళ్లతో పోల్చుకోవడం సరికాదు.

కాబట్టి నా అభిప్రాయం: పెద్ద పరికరాలకు లక్షలు పోయకముందు, కొన్ని వందల రూపాయలతో పిల్లాణ్ని గో-కార్టింగ్‌కు తీసుకెళ్లండి. హైదరాబాద్ శివార్లలోనే ట్రాక్‌లున్నాయి. పది నిమిషాల తర్వాత చేతులు, పక్కటెముకలు ఎలా ఉన్నాయో అడగండి. ‘మళ్లీ ఎప్పుడు వస్తాం’ అంటే ఒక లెక్క. ‘ఇంట్లోదే బాగుంది’ అంటే ఇంకో లెక్క. రెండోదైనా నష్టమేమీ లేదు, క్రికెట్ ఆడే ప్రతివాడూ రంజీకి వెళ్లడు. రేసింగ్‌కు వెళ్లాలంటే మాత్రం దేశంలో పెద్ద ట్రాక్‌లు చెన్నై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడాలో ఉన్నాయి. ఒక సీజన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. చదువు మానేయాల్సిన పనైతే అస్సలు లేదు.

సినిమా చూసినవాళ్లకు ఒక మాట. మార్డెన్‌బరో కారు గాల్లోకి లేచి ప్రేక్షకుడు చనిపోయిన సన్నివేశం నిజంగా జరిగిందే. 2015 మార్చిలో, నుర్బుర్గ్‌రింగ్‌లో ఎత్తుగా ఉన్న చోట కారు ముందు భాగం లేచి కంచె దాటింది. అయితే సినిమాలో అది లె మాన్స్ విజయానికి ముందు జరిగినట్టు చూపారు. నిజానికి విజయం 2013లో, ప్రమాదం 2015లో. తెర మీద విషాదం తర్వాత విజయం వస్తే కథ బాగుంటుంది. నిజంలో వరస అలా లేదు. ఇంకొకరు, గేమ్ నుంచి 2022లో ఫార్ములా-2 దాకా వెళ్లిన టర్కీ కుర్రాడు జెమ్ బోలుక్‌బాషి. ఆ ఏడాదే జెడ్డాలో ప్రాక్టీసులో గోడకు కొట్టుకుని, తలకు తగిలిన దెబ్బతో కంకషన్ అయి, ఆ రేసుకు దూరమయ్యాడు. గేమ్‌లో గోడకు కొట్టుకుంటే బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మన రోడ్డు మీద..

ఇక నాకు దిగులున్న మూడో ప్రశ్న. సిమ్‌లో వెయ్యి ల్యాప్‌లు తిరిగినవాడు రోడ్డు మీద మంచి డ్రైవరేనా?

నేర్పు ఎక్కువైతే ప్రమాదం తగ్గుతుందని మనమంతా అనుకుంటాం. 1974లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. లైసెన్సు ఉన్న రేస్ డ్రైవర్ల రోడ్డు రికార్డులను, అదే వయసు మామూలు డ్రైవర్ల రికార్డులతో పోల్చారు. కారును అదుపు చేయడంలో రేసర్లకు సాటి ఎవరు? అయినా రోడ్డు మీద ప్రమాదాలూ, వేగం చలానాలూ వాళ్లకే ఎక్కువున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రమాదం చేతి నేర్పు తక్కువై జరిగేదానికన్నా, ‘నాకేం కాదు’ అనే ధీమాతో జరిగేదే ఎక్కువ. గేమ్‌ల మీద కూడా పరిశోధనలున్నాయి. రోడ్డు మీద ఇష్టమొచ్చినట్టు దూసుకెళ్లి, గుద్దితే పాయింట్లు ఇచ్చే రకం ఆటలు ఆడాక కుర్రాళ్లు ఎక్కువ సాహసం చేయడానికి మొగ్గుతున్నారని జర్మనీ పరిశోధకులు 2007లో ప్రచురించారు. పద్ధతిగా నియమాలతో సాగే సిమ్ రేసింగ్‌ను, ఆ గుద్దుడు ఆటలను ఒకే గాటన కట్టకూడదు. సిమ్‌లో పక్కవాణ్ని గుద్దితే శిక్ష పడుతుంది. పిల్లలు ఏది ఆడుతున్నారో పక్కన కూర్చుని ఒక అరగంట చూస్తే మీకే తెలుస్తుంది.

అయినా ఒక తేడా మిగిలే ఉంటుంది. ట్రాక్ అంటే తెలిసిన దారి. ప్రతి మలుపూ వెయ్యిసార్లు చూసిందే. అందరూ ఒకే దిశలో పోతారు. మన రోడ్డు మీద రాంగ్ రూట్‌లో ఆటో వస్తుంది, గేదె అడ్డొస్తుంది, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ వస్తుంది, కొంగు సర్దుకుంటూ ఒకావిడ డివైడర్ దాటుతుంది. వీటిలో ఏదీ ఏ గేమ్‌లోనూ ప్రాక్టీసు చేయించరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 కిలోమీటర్ల వేగంతో పోతే కారు సెకనుకు 33 మీటర్లు కదులుతుంది. ఊహించనిది ఎదురైనప్పుడు, ఎంత చురుకైన కుర్రాడైనా గమనించి, తేల్చుకుని, కాలు బ్రేక్ మీద వేసేసరికి ఒక సెకను పడుతుంది. అప్పటికి 33 మీటర్లు పోయాయి. బ్రేక్ ఇంకా పట్టనే లేదు. తెర మీద రంగు మారగానే సెకనులో అయిదో వంతులో బటన్ నొక్కే వేలికీ, దీనికీ సంబంధం లేదు. ముందుచూపు, నిగ్రహం చూసుకునే మెదడు ముందు భాగం పూర్తిగా పక్వం కావడానికి ఇరవై దాటి మరో అయిదేళ్లు పడుతుంది. వేగం మీద మోజు మాత్రం పదిహేనుకే వచ్చేస్తుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 70 శాతానికి పైగా మరణాలకు మితిమీరిన వేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ లెక్క. శనివారం రాత్రి ఏ ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో నిలబడినా ఈ అంకెలకు ముఖాలు కనిపిస్తాయి. మా ఆసుపత్రిలో స్ట్రెచర్ వెంట పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులు చాలాసార్లు ఒకే మాట అంటారు. ‘బాగా నడుపుతాడు సార్, ఎప్పుడూ ఇలా కాలేదు.’

18 నిండని పిల్లాడు కారు నడిపి పట్టుబడితే, ప్రమాదం చేస్తే, 2019 సవరణ ప్రకారం కేసు మీ మీద కూడా ఉంటుంది. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ‘అపార్ట్‌మెంట్ చుట్టూనే కదా’ అనే మాట అక్కడ చెల్లదు.

ఆడుకోనివ్వండి, ఇలా

సిమ్ రేసింగ్‌ను ఇంట్లోంచి తరిమేయమని నేను చెప్పను. పద్ధతిగా ఆడితే ఓపిక, ఏకాగ్రత, ఓడిపోయినా మళ్లీ మొదటి నుంచి నేర్చుకునే గుణం అలవడతాయి. శరీరం విషయంలో మాత్రం కొన్ని గమనించండి.

స్టీరింగ్‌ను చదువుకునే టేబుల్‌కు బిగించి, చక్రాల కుర్చీలో కూర్చుంటే బ్రేక్ తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోతుంది. దాన్ని ఆపడానికి పిల్లలు నడుము బిగపట్టి వంకరగా కూర్చుంటారు. నా దగ్గరకు వచ్చే నడుము నొప్పుల కుర్రాళ్లలో కొందరి సంగతి ఇదే. కదలని కుర్చీ, వీపుకు ఆనుడు, మోచేయి కొద్దిగా వంగేంత దూరంలో స్టీరింగ్ ఉండాలి. గంటకోసారి లేచి నడవాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి మొదలైతే వారం పది రోజులు ఆపాలి, నొప్పి మాత్రలు మింగి ఆడకూడదు. తల తిరుగుతున్నా, నోట్లో నీళ్లూరుతున్నా వెంటనే ఆపి కాసేపు దూరంగా ఉన్న చెట్టునో, గోడనో చూడాలి. మొదట్లో పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటే చాలామందికి అలవాటవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక రేసు వద్దు. గెలిచినా ఓడినా ఆ ఉద్వేగంతో గంటదాకా నిద్ర పట్టదు.

ఫిట్స్ ఉన్న పిల్లలైతే ముందు మీ డాక్టరును అడగండి, మెరిసే దృశ్యాలు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తాయి. కార్టింగ్‌కు, రేసింగ్‌కు వెళ్లేముందు కంటి పరీక్ష, బీపీ, ఈసీజీ చేయించండి. ఆటలాడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినా ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. పోటీ లైసెన్సు ఇచ్చేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. అక్కడికి వెళ్లేముందే ఈ పరీక్షలు చేయించుకుంటే మంచిది. వ్యాయామంలో మొదట నడక, పరుగు, ఈత. తర్వాత నడుము, భుజాలు. మెడ చివర్లో. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా పది సెకన్లు నెట్టడం, అలాగే రెండు పక్కలా, వెనక్కి. ఇంతే చాలు. యూట్యూబ్‌లో రేసర్లు హెల్మెట్‌కు బరువులు కట్టుకుని చేసేవి చూసి ఇంట్లో ఇటుకలు వేలాడదీయొద్దు. మెడ ఎముకల మధ్య డిస్క్ జారితే చేయి తిమ్మిరెక్కుతుంది, అప్పుడు టేబుల్‌కు బిగించిన స్టీరింగ్ పట్టుకోవడం కూడా కష్టమే.